నీళ్ళు చెప్పే అబద్ధాలు

సింధియా దాటాక యారాడ కొండ నీడలో
నలభై అడుగుల లోతు కొలను.
అందులో ఒక ఇల్లు ముంచి ఉంచారు.
గోడకీ నేలకీ తేడా లేని ఇల్లు,
ఆకాశంలో తిరిగేదానికి తోబుట్టువు.
నేనక్కడ కాపలా ఈతగాణ్ణి,
ఓలిశెట్టి పరదేశి.

నాకు ముందు ఇద్దరు దక్కలేదట.
మూడోవాడికి ఊరుకానివాడి పేరు పెడితే
చావు గడప దగ్గర తికమకపడి వెళ్ళిపోతుందని
మా నాయనమ్మ ఎత్తు.
ఇప్పుడు నాలుగు దేశాలవాళ్ళొచ్చి
ఈ పరదేశినే ఊరివాడంటారు.
హెల్మెట్ బిగిస్తూ ఈ సంగతి చెప్తే
చిహారు అద్దం మసకయ్యేంత నవ్వింది.

ఉదయం ఏడింటికి సూట్లు.
ఒక్కొక్కరినీ క్రేనుతో దింపుతాం,
హార్బరులో ఐసు పెట్టెలు దింపినట్టు.
ఆ తర్వాత నా పని.
చీలమండకో సీసం ముక్క, భుజానికో నురగ దిమ్మ,
తేలకుండా, మునగకుండా
మనిషిని నీళ్ళలో తూచి నిలబెట్టాలి.
యెర్లాన్‌కి ఎప్పుడూ ఎడమవైపు అరకేజీ ఎక్కువ పడుతుంది,
ఎందుకో డాక్టరుకీ తెలీదు.
కజక్ గడ్డిభూముల్లో పుట్టాడు,
ఇరవై రెండేళ్ళొచ్చేదాకా సముద్రమే చూడలేదు.

మొదటివారం ఎలా ఉందని సైగ చేశాను.
బొటనవేలు పైకెత్తాడు.
బాగుందని వాడి భావం.
నీళ్ళలో దానర్థం, నన్ను పైకి లాగు.
లాగేశాం.
ఆరు గంటల పాఠం పదకొండో నిమిషానికే
గట్టు మీద నీళ్ళు కారుతూ కూర్చుంది.
వాడి భాషలో ఏదో అన్నాడు.
అర్థం చెప్పమని ఎవర్నీ అడగలేదు.

నేను నేర్పేది నిజానికి ఒక్క ముక్క,
మా అయ్య తెప్ప మీద నాకు నేర్పింది:
కొత్త ముడి పడ్డాకే పాత ముడి విప్పు.
కొక్కెం తగిలించు. లాగి చూడు.
చప్పుడు వినబడదు, వేళ్ళతో విను.
అప్పుడు రెండోది తియ్యి.
అయ్య ఈ మాట చెప్పినప్పుడల్లా
తెడ్డుతో వీపు మీద ఒకటి ఇచ్చేవాడు.
ఇక్కడ రూల్సు ఒప్పుకోవు.

ఓ రోజు దుయార్తె చేతిలోంచి రెంచ్ జారింది.
కవళ్ళ గుంపు వదిలేసిన చేపలా
మెల్లగా అడుగుకి వెళ్ళి పడుకుంది.
తేవడానికి దిగబోయి ఆగాను.
అక్కడ అది పడదు.
నువ్వు చెయ్యి చాపేలోపు
అలా వెళ్ళిపోతూనే ఉంటుంది.
నీళ్ళు ఆ సంగతి చెప్పవు.
నువ్వు విసురుగా తిరిగితే ఆపేదీ నీళ్ళే,
అక్కడ ఆ మొహమాటం ఉండదు.
సాయంత్రం టీ తాగుతూ ఈ రెండూ చెప్తాను.
మూడోది మాత్రం టీతో పాటు మింగేస్తాను.

చిహారు దాన్ని కనిపెట్టేసింది.
ఆఖరి రోజు, ఆరో గంటలో,
చేతులు మొద్దుబారి, పట్టు తప్పి
తలకిందులైంది.
వెనకనుంచి పట్టుకోబోయాను.
అరచెయ్యి అడ్డం పెట్టింది: ఆగు.
ఆగాను, జానెడు దూరంలో.
నలభై ఏళ్ళ ఈతలో
అంత బరువైన జానెడు నేనెరగను.
కమ్మీ తడుముకుంది. కొక్కెం వేసింది.
వేళ్ళతో విన్నది.
అప్పుడు నావైపు తిరిగి
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
సున్నా చుట్టింది.

వాళ్ళు పైకెళ్ళి అయిదు నెలలు.
నిన్న ఆరూ నలభైకి మా మీదుగా పోతుందన్నారు.
జాలరిపేట ఇసుకలో నిలబడ్డాను.
పక్కన మా మరదలు
ఎండు నెత్తళ్ళు గంపకెత్తుతోంది.
లైట్‌హౌస్ వైపునుంచి లేచింది,
మిణుకు లేని చుక్క,
భీమిలి వైపు తొందరేం లేనట్టు నడిచింది.
"ఏటది బావా, ఇమానమా?"
"మా పిల్లలు" అన్నాను.
నాలుగు నిమిషాలు.
గంపకి చెయ్యి వెయ్యమని అది కేకేసేదాకా
నా కుడిచెయ్యి
జానెడు ముందుకి చాచి ఉందని
నాకే తెలీదు.